పీకనివ్వని రెండు పళ్ళు

నా కింది వరుసలో నడిమి రెండు పళ్ళు మిగతావాటికన్నా పొడుగ్గా కనిపిస్తాయి. పొడుగైంది పళ్ళు కాదు, చిగురు కిందికి దిగింది. ఎవరైనా మాట్లాడుతూ మాట్లాడుతూ చూపు అక్కడే నిలబెడితే నేనే కింది పెదవి లాగి చూపిస్తాను. చూసుకోండి, ఇంకా బాగా చూసుకోండి అంటాను. వాళ్ళే సిగ్గుపడి తల తిప్పుకుంటారు. ఈ తెగింపు నాకు పుట్టుకతో వచ్చింది కాదు.

ముదిగొండ దగ్గర మా ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. 'పండ్లెత్తు పోరి' అనేవాళ్ళు. పై పళ్ళు ముందుకు తోసుకొచ్చి ఉండేవి, కింది పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి. నవ్వు వస్తే చాలు, కుడి చెయ్యి తనంతట తానే నోటి మీదికి లేచేది. మిరపకాయలు ఏరడానికి కూలికి పోయిన రోజుల్లో అదే చేత్తో మూతి మూసుకుని, పెదవులు భగ్గున మండి, నీళ్ళ బిందె దగ్గరికి పరిగెత్తిన సంగతి ఒకటి రెండు సార్లు కాదు. అమ్మ తిట్టేది.

"నవ్వితే నవ్వు, లేకుంటే మూస్కో. మధ్యల గా చెయ్యి ఏందే?"

అమ్మకేం తెలుసు! అమ్మ పళ్ళు దానిమ్మ గింజల్లా ఉండేవట. ఉండేవట అనే చెప్పాలి, ఎందుకంటే నాకు ఊహ తెలిసేసరికి పొగాకు నమిలి నమిలి సగం రాలగొట్టుకుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు బస్సు కండక్టర్ ఉద్యోగం వచ్చింది. ఖమ్మం నుంచి ఇల్లందు, టేకులపల్లి, కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోయే ఎర్ర బస్సు నాది. చీర మీద ఖాకీ కోటు, భుజాన తోలు సంచి, ఎడమ చేతిలో టికెట్ల ట్రే, కుడి చేతిలో టికెట్టుకు చిల్లు పెట్టే పంచ్, వేళ్ళ సందుల్లో మడిచిన నోట్లు. మొదటి రోజు ఇల్లందు చేరకముందే నాకొక సంగతి తెలిసిపోయింది. ఈ ఉద్యోగంలో నోటికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి మిగలదు. జనం జోకులేస్తారు, నవ్వొస్తుంది, చేతులు రెండూ నిండుగా ఉంటాయి. రోజుకు నాలుగైదు వందల మంది ముందు నా పళ్ళు నడిబజార్లో పెట్టినట్టే ఉండేది.

అందుకే ఉద్యోగం పర్మినెంట్ కాగానే ఖమ్మంలో పళ్ళ డాక్టర్ దగ్గరికి పోయి క్లిప్పులు వేయించుకున్నాను. అప్పటికి నాకు పాతికేళ్ళు. చిన్నపిల్లలు వేయించుకునేవి, పెళ్ళీడు దాటుతున్నదానివి నీకెందుకే అని మా వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చి చెప్పారు. అమ్మ మాత్రం ఒకటే మాట పట్టుకుంది.

"దేవుడిచ్చిన పండ్లకు తీగెలేస్తే అవి ఊకుంటయా? రేపు ఏమన్నయితే నా దగ్గరికి రాకు."

"రాను తియ్. నా నోరు, నా జీతం," అన్నాను.

ఈ మాట నేను ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. వెనక్కి మాత్రం తీసుకోలేదు.

బస్సులో సంగతి చెప్పక్కర్లేదు. పెదవి కదిపితే చాలు తీగలు తళుక్కుమనేవి. పిల్లలు వేలు పెట్టి చూపించేవాళ్ళు. టేకులపల్లి అవతల అడవి పక్క గూడెం నుంచి ఒక ముసలవ్వ ఎక్కేది. చీపుర్ల మోపో, ఇప్పపువ్వు మూటో, చింతపండు గంపో, ఏదో ఒకటి నెత్తిన పెట్టుకుని సంతకు పోయేది. తనవాళ్ళతో తన భాష మాట్లాడేది, నాతో పోట్లాడేటప్పుడు మాత్రం తెలుగు దంచేది. మోపుకు లగేజీ టికెట్ కొట్టాలని నేను, మోపు నా ఒళ్ళోనే ఉంటది, అదేమన్న మనిషా అని ఆమె. వారానికి రెండు రోజులు మాకిద్దరికీ ఇదే పని. నా నోట్లో తీగలు మొదటిసారి చూసిన రోజు ఆ అవ్వ బస్సంతా వినిపించేలా అడిగింది.

"నోట్లె కంచె ఏసిన్రా బిడ్డా? ఏం పంట కాస్తున్నవ్?"

బస్సు బస్సంతా పక్కున నవ్వింది.

"నీ అసువంటోళ్ళు జొరబడకుండ ఏయించుకున్న. లగేజీ టికెట్ తియ్," అన్నాను. అవ్వ బోసినోరు తెరిచి నవ్వింది గానీ డబ్బులు తియ్యలేదు.

రెండేళ్ళకు పైన పట్టింది. క్లిప్పులు తీసేసిన రోజు డాక్టర్ నా చేతికి అద్దం ఇచ్చాడు. వరుసగా, తెల్లగా, ఎవరివో పళ్ళు నా నోట్లో ఉన్నాయి. నవ్వాను. కుడి చెయ్యి అలవాటు కొద్దీ లేచింది. నేనే దించేశాను. ఆ రోజు ఖమ్మం బస్టాండు దాకా దారిలో కనిపించిన ప్రతివాడికీ పళ్ళు చూపించుకుంటూ నడిచాను. ఎంత సంతోషమో చెప్పలేను, పిచ్చిదనుకుని ఉంటారు.

డాక్టర్ ఒక ప్లేటు ఇచ్చాడు. గులాబీ రంగు ప్లాస్టిక్, ముందు ఒక తీగ. ఇప్పుడే కదిలి కుదురుకుంటున్న పళ్ళమ్మా, ఏడాదిపాటు రాత్రీ పగలూ ఇది పెట్టుకోవాలి అని చెప్పాడు. ఆ ప్లేటు పెట్టుకుంటే నాకు గొంతు లేవదు. బస్సులో గొంతు లేవకపోతే నేనెందుకు? డ్యూటీ ఎక్కేముందు తీసి డబ్బాలో పెట్టి సంచిలో పడేసేదాన్ని. రాత్రిపూట పెట్టుకుంటున్నా కదా, చాల్లే అనుకున్నాను.

ఇక నా విజిల్ గురించి చెప్పాలి. ఒకసారి ఊదితే బస్సు ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. కొత్తలో దాన్ని తాడు కట్టి మెడలో వేసుకునేదాన్ని. ఒకరోజు టేకులపల్లి దాటాక మలుపు దగ్గర ఒక పెద్దాయన దిగుతున్నాడు. కాలు ఇంకా మెట్టు మీదే ఉంది, బస్సు కదిలింది. నా రెండు చేతుల్లో ట్రే, నోట్లు. అవి సర్దుకుని విజిల్ అందుకుని ఊదేసరికి ఆయన రోడ్డు మీద మోకాళ్ళ మీద పడ్డాడు. పెద్ద దెబ్బేం తగల్లేదు. పంచె దులుపుకుని, మా ఇద్దరి వంశాలనూ తిట్టి పోయాడు. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు.

నాతో డ్యూటీ చేసే డ్రైవరన్న నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద, మాట నెమ్మది. ఆ సాయంత్రం టీ తాగుతూ చెప్పాడు. "చెల్లె, విజిల్ నోట్లకెల్లి తియ్యకు. నీ చేతులు ఎన్నడు ఖాళీ ఉండయ్. నాకు అద్దంల అన్ని కనవడయ్. నీ విజిలే నాకు కండ్లు."

ఆ రోజు నుంచి విజిల్ నా నోట్లోంచి దిగలేదు. స్టీలు విజిల్. పెదవులతో పట్టుకుంటే గతుకులకు జారిపోతుంది. అడవి రోడ్డు గతుకులంటే మాటలా! అందుకని పళ్ళతో కరిచి పట్టేదాన్ని. టికెట్ అడగాలంటే నాలుకతో పక్కకు తోసి అడిగి మళ్ళీ కరిచేదాన్ని. క్లిప్పులున్న రోజుల్లో తీగలకు తగిలి ఇబ్బందయ్యేది, బుగ్గన పెట్టుకునేదాన్ని. క్లిప్పులు పోయాక, నున్నటి కొత్త పళ్ళు వచ్చాక, హాయిగా ముందు పళ్ళతోనే పట్టుకోవడం మొదలుపెట్టాను. రోజుకు పది గంటలు.

ఏడాది తిరగలేదు. ఒకరోజు కొత్తగూడెంలో చల్లటి సోడా తాగితే కింది పళ్ళు జివ్వుమని నొప్పి నెత్తికెక్కింది. తర్వాత చాయ్ కూడా అంతే. బ్రష్షు చేస్తే ఉమ్మిలో నెత్తురు. మురికి ఉందేమో, ఇంకా తోమాలేమో అనుకుని గట్టి బ్రష్షు కొని పంతం పట్టి తోమాను. అమ్మ ఉప్పూ బొగ్గుపొడీ నూరి ఇచ్చింది. అదీ రుద్దాను. నెత్తురు తగ్గలేదు సరికదా, ఒక పొద్దున అద్దంలో చూసుకుంటే నడిమి రెండు పళ్ళ కింద చిగురు దిగిపోయి, పసుపు పచ్చటి వేరు కనిపిస్తోంది. వేలు పెట్టి కదిపాను. కదిలాయి.

ఆ రోజు నేను పడ్డ భయం ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుని బతికి, ఒక్క ఏడాది తెరిచి నవ్వి, ఇప్పుడు ముందు పళ్ళే ఊడిపోతే మళ్ళీ ఆ చెయ్యి లేస్తుంది. ఈసారి ఇక దిగదు. వాడకట్టంతా వచ్చి మేం చెప్పలేదా అంటారు. అందరికన్నా ముందు అమ్మే అంది.

"నేను మొదట్నే చెప్పిన్నా లేదా? ఇన్నవా? పీకిచ్చుకో ఇగ. నాకు చూడు, పై వరసల ఒక్కటి లేదు. సచ్చిన్నా?"

"నువ్వు చావలేదు గని చెరుకు ముక్క తిని ఎన్నేండ్లయిందో చెప్పు," అన్నాను. అమ్మ బొగ్గుపొడి గిన్నె ఎత్తి లోపల పెట్టేసింది.

భయం కాస్తా కోపమైంది. తప్పు డాక్టర్‌ది కాక ఎవరిది? వీక్లీ ఆఫ్ రోజు, డ్యూటీకి పోయినట్టే ఖాకీ కోటు తొడుక్కుని మరీ పోయాను. పది మంది నన్ను చూసి భయపడేది ఆ కోటు వల్లనే కదా. బయట జనం కూర్చుని ఉండగానే మొదలుపెట్టాను. "నా పండ్లు కరాబు చేసిన్రు. క్లిప్పులేస్తే చిగుర్లు దిగుతయని ఎందుకు చెప్పలేదు? చెప్తే నేనేయించుకుందునా?"

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. లోపలికి తీసుకుపోయి కుర్చీలో పడుకోబెట్టి చూశాడు. "మీ చిగురు పుట్టుకతోనే పల్చనమ్మా. పళ్ళు సర్దేటప్పుడు కొంచెం ముందుకు వచ్చాయి. అలాంటి చిగురుకు ఈ ప్రమాదం ఉంటుందని నేను మొదటే చెప్పాల్సింది. చెప్పలేదు. అది నా తప్పే," అన్నాడు. ఆ ఒక్క మాటకు నా కోపంలో సగం చప్పున చల్లారింది. పోట్లాడడానికి పోయినవాళ్ళకు ఇంతకన్నా ఇబ్బంది లేదు.

ఆ రోజు ఆదివారం. ఆదివారాలు అక్కడికి హైదరాబాదు నుంచి చిగుళ్ళ డాక్టరమ్మ వచ్చేది. ఆమెను పిలిచాడు. ఆమె సన్నగా, చురుగ్గా, నాకన్నా చిన్నదిలా ఉంది. పళ్ళన్నీ మునివేళ్ళతో కదిపి చూసింది.

"మిగతావన్నీ గట్టిగున్నాయి. ఈ రెండే ఎందుకు ఇంత కదులుతున్నాయి? పెన్ను కొరుకుతారా? సూది, దారం, గింజలు, ఏమైనా?"

"నేనేం కొరుకుత? నాకంత తీరిక ఏడున్నది!"

ఆమె చూపు నా మెడ మీద ఆగింది. కోటుతోపాటు విజిల్ కూడా వేసుకుని పోయాను. తాడు పట్టి దాన్ని పైకి తీసి చూసింది. మూతి దగ్గర స్టీలు మీద గీతలు పడి ఉన్నాయి. "ఇది ఎలా పట్టుకుంటారో ఒకసారి చూపించండి," అంది.

నోట్లో పెట్టుకుని కరిచాను. ఆమె నా చేతికి అద్దం ఇచ్చింది. విజిల్ మూతి సరిగ్గా ఆ రెండు పళ్ళ వెనక ఆనుకుని, వాటిని బయటికి నెడుతోంది. కొలిచి చేయించినట్టు కూర్చుంది. ప్లేటు ఎక్కడ అని అడిగితే సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చాను. పగలంతా దాని చోటు అదేనని నేనే చెప్పాను.

కుర్చీలో అలాగే పడుకుని ఏడ్చాను. నొప్పికి కాదు. ఒకడు దారిలో పడకూడదని నోట్లో పెట్టుకున్న వస్తువు నా పళ్ళనే తోసేస్తోందంటే ఎవర్ని తిట్టుకోవాలి?

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. ఒకటి, ఆ రెండూ పీకేసి, పక్క పళ్ళు అరగదీసి, కట్టుడు పళ్ళు పెట్టడం. పని జల్దీ అయిపోతుంది, చూడ్డానికీ బాగుంటాయి. రెండోది, అంగిట్లోంచి చిన్న ముక్క కోసి కింది చిగురుకు అతికించి కుట్టడం, పళ్ళ వెనక సన్నటి తీగ అంటించడం. అతుక్కోవచ్చు, అతుక్కోకపోవచ్చు. చిగురు పూర్తిగా పైకి రాదు. కుట్లు విప్పేదాకా రెండు వారాలు మాట్లాడకూడదు, కింది పెదవి కదిలితే కుట్లు లాగేస్తాయి. "మీరు కండక్టర్ కదా, మీకు మొదటిదే నయమేమో," అంది.

"పీకనియ్య," అన్నాను.

"ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించుడేం లేదు మేడం. అవి నా పండ్లు. ఊడిపోతే ఊడిపోతయ్, నా అంతట నేను పీకిచ్చుకోను. కుట్టుండ్రి."

కుట్టింది. అంగిట్లో పుండు, కింద కుట్లు, గంజీ మజ్జిగా తాగి బతికాను. అమ్మ గిన్నె తెచ్చి పెట్టి పోతుంది, ఒక్క మాట అనదు. నేను తిరిగి జవాబియ్యలేను కదా, తిడితే సరదా ఉండదని ఊరుకుందేమో. సెలవు వారమే దొరికింది. భద్రాచలంలో కల్యాణం రోజులు, స్పెషల్ బస్సులు, మనుషులు చాలడం లేదన్నారు. ఎనిమిదో రోజు నోట్లో కుట్లతో డ్యూటీ ఎక్కాను.

అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి మెడలో వేసుకున్నాను. 'పళ్ళ ఆపరేషన్ అయింది. మాట్లాడను. ఎక్కడికో చెప్పి చిల్లర ఇవ్వండి.' విజిల్ సంచిలో పెట్టేశాను. ముందురోజే డ్రైవరన్నకు కాగితం మీద రాసి చూపించాను. ఆయన చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేనే చెప్తిని గదా చెల్లె, నోట్లె పెట్టుకొమ్మని," అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. "చేత్తోటి రేకు మీద కొట్టు. ఒకటి కొడితే ఆపుత, రెండు కొడితే పోత. నువ్వు డోర్ కాడికి వచ్చి కొట్టేదాంక బండి కదలది," అన్నాడు.

ఇల్లందు దాకా ఎలాగో నడిచింది. తర్వాత బస్సు కిక్కిరిసింది. అట్ట చదవడం రానివాళ్ళు, చదివి కూడా "ఏందక్కా, మాట్లాడవేంది?" అని అడిగేవాళ్ళు, స్టేజీ వచ్చినా కదలనివాళ్ళు. చెయ్యి ఊపి ఊపి భుజం పడిపోయింది. కుట్లు సలుపుతున్నాయి. ఒక తాగుబోతు నా నోటి దగ్గరికి మొహం పెట్టి మూగదానా అన్నాడు. నోరు తెరిచి తిడితే కుట్లు పోతాయి. తిట్టకపోతే నేను పోతాను. నోరు తెరవబోయాను.

"ఓ అయ్యా! కండ్లు కనవడ్తలేవా? నోట్లె కుట్లున్నయ్ పిల్లకు. ఎనక్కి జరుగు!"

ముసలవ్వ. ఇల్లందులో అమ్ముడుపోక గూడేనికి తిరిగి తీసుకుపోతున్న చీపుర్ల మోపు నా కాళ్ళ దగ్గర దబ్బున పడేసి, సీటు కమ్మి పట్టుకుని నిలబడింది. అట్ట ఆమె చదవలేదు, ఎవరో చెప్పి ఉంటారు. ఇక అక్కడి నుంచి ఆమె నోరు మూస్తే ఒట్టు. "టేకులపల్లోళ్ళు ఎవరు? దిగుండ్రి జల్దీ! ఓ పిల్లగా, గా చిల్లర తియ్యి, నోట్లు పట్టుకొచ్చిండు పెద్ద!" నేను టికెట్ కొట్టడం, ఆమె అరవడం. ఆమె గూడెం దగ్గర దిగనే లేదు, కొత్తగూడెం దాకా వచ్చింది. చివర్లో నా వంక తిరిగి, "ఇయ్యాల కండక్టర్‌ను నేను. నా మోపుకు టికెట్ లేదు," అంది.

నేను మోపుకు లగేజీ టికెట్ చించి, ఆ డబ్బు నా పర్సులోంచి తీసి సంచిలో వేసి, టికెట్ ఆమె చేతిలో పెట్టాను. ఆమె టికెట్టూ నన్నూ మార్చి మార్చి చూసి, "గిదేం పొగరే!" అంది. టికెట్ మాత్రం కొంగున ముడేసుకుంది.

కుట్లు విప్పిన రోజు డాక్టరమ్మ అతుక్కుంది అని చెప్పింది. ఆరు నెలలు చూద్దాం, హామీ ఇవ్వలేను అని కూడా చెప్పింది. ఆ ఆరు నెలలూ రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి వేలు పెట్టి కదిపేదాన్ని. మెత్తటి బ్రష్షుతో పిల్లల పళ్ళు తోమినట్టు తోమేదాన్ని.

ఈ మధ్యలో ఒక చెకింగ్ ఆఫీసర్ నా బస్సు ఆపాడు. టికెట్లన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏమీ దొరక్క విజిల్ ఏది అన్నాడు. మెడలో తాడు చూపించాను. మెడలో ఎందుకు, ఊదడానికి కాదా అన్నాడు. "రూల్ల మెడల ఉండాలని రాసున్నది సార్. పండ్లల్ల ఉండాలని రాయలే," అన్నాను. ఆయన డ్రైవరన్న వైపు చూశాడు. "చేత్తోటి కొడ్తది సార్. నాకు మంచిగ ఇనవడ్తది," అన్నాడు అన్న, ఇటు తిరక్కుండానే.

ఆరో నెల చూపించుకున్నాను. పళ్ళు కదలడం లేదు. చిగురు కాస్త పైకి వచ్చింది, అంతే. మిగతా పొడవు అలాగే ఉంది, కుట్టిన చోట రంగు తేడా కూడా ఉంది. ఎప్పటికీ ఇంతేనంది డాక్టరమ్మ. ఇంతే చాలన్నాను.

ఆ మర్నాడే సంత. టేకులపల్లి దాటాక అవ్వ ఇప్పపువ్వు మూటతో ఎక్కింది. ఎక్కుతూనే అడిగింది. "ఏమాయె నీ పండ్లు? సూపియ్యి."

బస్సు నిండా జనం. ట్రే సీటు మీద పెట్టి, కింది పెదవి చేత్తో లాగి పట్టుకున్నాను. అవ్వ మొహం దగ్గరికి తెచ్చి, కళ్ళు చిట్లించి, బేరానికి వచ్చిన సరుకు చూసినట్టు చూసింది. నలుగురైదుగురు మెడలు చాచారు.

"పొడుగున్నయ్," అంది.

"ఉన్నయ్."

"ఎనక మల్ల తీగె ఏసిన్రు."

"ఏసిన్రు."

"కదుల్తయా?"

"కదలయ్."

"మరింకేంది?" అని మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "బండి కదిలియ్యి."

నాకు నవ్వు ఆగలేదు. పొడుగు పళ్ళు, అతుకు చిగురు అందరికీ కనిపించేలా పగలబడి నవ్వాను. కుడి చెయ్యి లేచింది. తలుపు పక్క రేకు మీద రెండు దెబ్బలు, బస్సు అదిరిపోయేలా కొట్టాను.